సెలైను ఎక్కడికి పరుగెత్తింది?

'సెలైన్ ఈజ్ రన్నింగ్ అవుట్... చూడు!'

పెద్ద నర్సమ్మ ఆ ఒక్క మాటా అనేసి పక్క వార్డులోకి వెళ్లిపోయింది. మూడేళ్ల కిందట సంగతి. కాకినాడలో ఓ ఆసుపత్రి. మంచం మీద మా అమ్మ. పక్కన స్టూలు మీద నేను.

ట్రైనింగులో ఉన్న నర్సు పిల్ల గబగబా వచ్చింది. ఇరవై ఏళ్లుంటాయేమో. సెలైను పైపును పైనుంచి కింది దాకా తడిమింది. సూది దగ్గర ప్లాస్టరు నొక్కి చూసింది. వంగి నేల మీద తడి ఉందేమోనని కూడా వెతికింది. ఎక్కడా చుక్క కారడం లేదు. 'ఏం ఫర్వాలేదండీ, బాగానే ఉంది' అని నవ్వి వెళ్లిపోయింది.

'సీసా అయిపోవచ్చింది కదరా, మార్చరా?' అంది అమ్మ. 'వాళ్లకు తెలుసులేమ్మా' అన్నాను నేను, పెద్ద తెలిసినవాడిలా.

పది నిమిషాల్లో సీసా ఖాళీ. పైపులోకి రక్తం వెనక్కి రావడం మొదలుపెట్టింది. నా కేకకు పెద్ద నర్సమ్మ పరుగెత్తుకొచ్చి సరిచేసింది. అమ్మకేం కాలేదు. కానీ ఆ పిల్లకు మాత్రం వార్డందరి ముందూ తలంటు పడింది. 'ఆమాత్రం ఇంగ్లిష్ రాకపోతే నర్సింగుకు ఎందుకొచ్చావ్? ఇంటికి పో' అనేసింది పెద్దామె. ఆ పిల్ల కళ్లనిండా నీళ్లు.

రాత్రి తొమ్మిదింటికి మందులివ్వడానికి వచ్చి, మంచం పక్కనే తచ్చాడింది. 'అన్నయ్య గారూ, మీరు పేపర్లో రాస్తారంట కదండీ... ఒకటడగనా? రన్ అంటే పరుగే కదండీ? అవుట్ అంటే బయటికే కదండీ? సెలైను బయటికి పరుగెత్తేస్తోందంటే కారిపోతోందనే కదా అనుకుంటాం?'

తప్పు పట్టడానికి ఏముంది అందులో! ఆమె లెక్క లెక్కలా చూస్తే సరైనదే. రెండు మాటలకూ అర్థాలు తెలుసు. రెండూ కూడింది. జవాబే తప్పొచ్చింది. 'రన్ అవుట్' అంటే బయటికి పరుగెత్తడం కాదు, అయిపోవడం. అదే అయిపోతూ ఉంటే 'రన్నింగ్ అవుట్'. అంటే... మా అమ్మ అన్న మాటే! 'అయిపోవచ్చింది.' ఇంగ్లిష్ ముక్క రాని మా అమ్మ, పెద్ద నర్సమ్మ మాటను అక్షరం పొల్లుపోకుండా తెలుగులో చెప్పేసింది. మధ్యలో మేమిద్దరమే, అంటే ఇంగ్లిష్ చదువుకున్నవాళ్లమే, సీసాను వదిలేశాం.

కరప దగ్గర పల్లెటూరు తనది. పదో తరగతి దాకా తెలుగు మీడియం. ఆ తర్వాత ఒక్కసారిగా పుస్తకాలన్నీ ఇంగ్లిష్. 'మా నాన్న అప్పు చేసి చేర్పించాడండీ. ఇంటికి పోతే ఏం చెప్పనండీ?' అంది. ఆ రాత్రి మందుల చీటీ వెనకాల మేమిద్దరం కలిసి రాసుకున్న పట్టికే ఈ వారం మన శీర్షిక.

ముందు మన 'ఎక్కు' సంగతి

'అన్ని అర్థాలు ఎలా గుర్తుంటాయండీ?' అన్నది ఆమె మొదటి బెంగ. అందుకే ముందు ఓ తెలుగు క్రియ తీశాను. సెలైను ఏం చేస్తుంది? ఎక్కుతుంది. ఇంకా ఏమేం ఎక్కుతాయో చెప్పమన్నాను. తడుముకోకుండా మొదలుపెట్టింది.

బస్సెక్కుతాం. చెట్టెక్కుతాం. పొద్దెక్కుతుంది. మత్తెక్కుతుంది. పాఠం బుర్రకెక్కుతుంది. కూర పొయ్యెక్కుతుంది. పెళ్లివారు పీటలెక్కుతారు. పొలం తగాదా కోర్టుకెక్కుతుంది. కళ్లు నెత్తికెక్కుతాయి...

నిమిషంలో తొమ్మిది! వీటిలో ఏ ఒక్కదాన్నీ ఆమె బట్టీపట్టలేదు. 'ఎక్కు' అంటే ఎన్ని అర్థాలని అడిగితే చెప్పలేదు కూడా. 'పొద్దు' పక్కన 'ఎక్కు' ఎన్నిసార్లో విన్నది. 'బుర్ర' పక్కనా విన్నది. అంతే. మాట ఒంటరిగా రాలేదు, జోడీతో వచ్చింది.

ఇప్పుడు తెలుగు నేర్చుకునే ఇంగ్లిష్ వాడిని ఊహించండి. వాడి నోట్సులో 'ఎక్కు అంటే క్లైంబ్' అని ఒక్కటే ఉంటుంది. 'పేషెంటుకు సెలైను ఎక్కుతోంది' అని మనమంటే, సీసా మంచం మీదికి పాకుతోందని హడలిపోడూ!

రన్ విషయంలో మనం చేస్తున్నదీ అదే. చిన్నప్పుడు పలక మీద 'రన్ అంటే పరుగెత్తు' అని రాశాం. పాతికేళ్లొచ్చినా ఆ ఒక్క అర్థంతోనే బండి లాగిస్తున్నాం.

645 అర్థాలట!

ఇది మన కష్టమే కాదు. నిఘంటువులు రాసేవాళ్లకూ ఇది చెమటలు పట్టించింది. ఆక్స్‌ఫర్డ్ ఇంగ్లిష్ డిక్షనరీ మొదటి కూర్పు 1928లో పూర్తయింది. 1989లో వచ్చిన రెండో కూర్పులో అన్నింటికన్నా పొడవైన వివరణ 'సెట్' అనే మాటది. ఆ తర్వాత కొత్త కూర్పు కోసం అన్నీ తిరగరాస్తూ వచ్చారు. 2011 నాటికి సెట్‌ను రన్ దాటేసింది. ఒక్క రన్ క్రియకే 645 అర్థాలు తేలాయి. ఆ ఒక్క మాట మీద సంపాదకుడు నెలల తరబడి కూర్చోవాల్సి వచ్చింది.

ఎందుకింత పెరిగింది? ఆవిరి యంత్రాలు, రైళ్లు, మిల్లులు, మోటార్లు, చివరికి కంప్యూటర్లు... కొత్త యంత్రం వచ్చిన ప్రతిసారీ ఇంగ్లిష్ వాళ్లు దాన్ని 'రన్' చేశారు. మనం మాత్రం యంత్రాన్ని బట్టి మాట మార్చాం. రైలు నడుస్తుంది, ఫ్యాను తిరుగుతుంది, పిండిమర ఆడుతుంది. కంప్యూటర్ దగ్గరికి వచ్చేసరికి మనకూ ఓపిక పోయింది. 'ప్రోగ్రామ్ రన్ చెయ్' అనేశాం!

భయపడకండి. 645 మనకక్కర్లేదు. ఏడెనిమిది జోడీలు పట్టుకుంటే రోజువారీ ఇంగ్లిష్ గట్టెక్కుతుంది. (చూశారా, మళ్లీ ఎక్కు!)

పరుగెత్తుతున్నది ఎవరు?

రన్ కనిపించగానే అర్థం వెతక్కండి. ముందు ఒక ప్రశ్న వేసుకోండి: 'రన్ అవుతున్నది ఎవరు? ఏమిటి?' జవాబు దొరికితే తెలుగు మాట దానంతటదే వస్తుంది. మన కాకినాడ చుట్టూనే ఓ రౌండు వేద్దాం.

మనిషి, జంతువు అయితే: పరుగే. 'ది బాయ్ రన్స్ టు స్కూల్.' కుర్రాడు బడికి పరుగెత్తుతాడు. క్రికెట్‌లో రన్‌ను పరుగు అన్నదీ ఈ లెక్కనే.

బండి, యంత్రం అయితే: నడుస్తుంది, తిరుగుతుంది, ఆడుతుంది. 'గౌతమి ఎక్స్‌ప్రెస్ రన్స్ ఎట్ నైట్.' గౌతమి రాత్రిపూట నడుస్తుంది. ఇంగ్లిష్ వాడి రైలు పరుగెడుతుంది, మన రైలు నడుస్తుంది. అయినా రెండూ ఒకే టైముకు వస్తాయి!

నీళ్లలాంటివి అయితే: పారుతుంది, కారుతుంది, ఎక్కుతుంది. 'వాటర్ రన్స్ ఇన్ ది కెనాల్.' కాలువలో నీళ్లు పారుతున్నాయి. 'మై నోస్ ఈజ్ రన్నింగ్.' ముక్కు కారుతోంది. 'ది ట్యాప్ ఈజ్ రన్నింగ్.' కుళాయి వదిలేసి ఉంది, ఎవరైనా కట్టండి. 'ది డ్రిప్ ఈజ్ రన్నింగ్ టూ ఫాస్ట్.' సెలైను మరీ జోరుగా ఎక్కుతోంది, తగ్గించండి.

రంగు అయితే: దిగుతుంది. ఉప్పాడ చీరకు బేరమాడుతూ అడుగుతాం కదా, 'ఉతికితే రంగు దిగుతుందా?' అని. అదే 'విల్ ది కలర్ రన్?'

కదలనివి అయితే: ఇక్కడే అందరూ తికమకపడతారు. కదలని దానికి పరుగేమిటి? కాకినాడ నుంచి ఉప్పాడ వెళ్లే బీచ్ రోడ్డునే తీసుకోండి. 'ది రోడ్ రన్స్ అలాంగ్ ది సీ.' రోడ్డు సముద్రం వెంబడే సాగుతుంది. అలలు కోసేసినప్పుడల్లా తెగిపోతుందే తప్ప ఆ రోడ్డు ఎక్కడికీ పోదు. అయినా మనం మాత్రం 'ఈ రోడ్డు ఉప్పాడ పోతుందండీ' అనమూ?

కోటిపల్లి రైలు మార్గం కూడా అంతే. 'ది లైన్ రన్స్ ఫ్రమ్ కాకినాడ టు కోటిపల్లి.' 45 కిలోమీటర్ల ఈ లైను 1928లో వేశారు. రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో పట్టాలు పీకేశారు. మళ్లీ 2004లో గానీ రైలు కూత వినపడలేదు. రైలు నడవని రోజున కూడా 'ది లైన్ రన్స్' అనే అంటారు, ఎందుకంటే అక్కడ రన్ అంటే 'ఇక్కడినుంచి అక్కడిదాకా ఉంది' అని. 'ది ట్రెయిన్ రన్స్' అంటే మాత్రం బండి కదలాల్సిందే.

కాలంతో ముడిపడితే: ఆడుతుంది, సాగుతుంది, ఉంటుంది. 'ది ఫిల్మ్ రాన్ ఫర్ ఎ హండ్రెడ్ డేస్.' సినిమా వంద రోజులు ఆడింది. 'ది కోర్స్ రన్స్ ఫర్ త్రీ ఇయర్స్.' కోర్సు మూడేళ్లుంటుంది.

దుకాణం, ఇల్లు, సంస్థ అయితే: నడపడం. ఇక్కడ పరుగెత్తేది మనిషి కాదు, మనిషి పరుగెత్తిస్తాడు. 'షి రన్స్ ఎ టిఫిన్ సెంటర్ ఎట్ భానుగుడి.' ఆవిడ భానుగుడి దగ్గర టిఫిన్ సెంటర్ నడుపుతోంది. 'హూ రన్స్ దిస్ హౌస్?' ఈ ఇంట్లో పెత్తనం ఎవరిది? జవాబు చెప్పే ముందు వంటింటి వైపు ఓసారి చూసుకోండి!

ఎన్నికలు అయితే: అమెరికా వాళ్లు 'హి ఈజ్ రన్నింగ్ ఫర్ ప్రెసిడెంట్' అంటారు. బ్రిటిష్ వాళ్లు ఎన్నికల్లో 'స్టాండ్' అవుతారు. మనమూ అంతే, 'వార్డు మెంబరుగా నిలబడ్డాడు' అంటాం. వాళ్లు పరుగెత్తినా మనం నిలబడ్డా ఓటరు చుట్టూ తిరగడం మాత్రం తప్పదు.

ఆసుపత్రిలో రన్

మా నర్సమ్మకు అసలు కావాల్సింది ఇది. అందుకే దీనికి చీటీ మీద వేరే గీత గీసుకుంది.

'ది చైల్డ్ ఈజ్ రన్నింగ్ ఎ టెంపరేచర్.' పిల్లాడికి ఒళ్లు కాలుతోంది, జ్వరంగా ఉంది.

'వి హ్యావ్ టు రన్ సమ్ టెస్ట్స్.' కొన్ని పరీక్షలు చేయాలి.

'డయాబెటిస్ రన్స్ ఇన్ హిజ్ ఫ్యామిలీ.' షుగర్ వాళ్ల వంశంలో ఉంది.

'ది డాక్టర్ ఈజ్ రన్నింగ్ లేట్.' డాక్టరుగారికి ఆలస్యమవుతోంది. ఆయన తాపీగా కారులో కూర్చునే వస్తుండవచ్చు. పరుగు మాత్రం లేదు.

'వి హ్యావ్ రన్ అవుట్ ఆఫ్ కాటన్.' దూది అయిపోయింది.

ఇక అసలు గొడవ తెచ్చిన జంట. 'ది సెలైన్ ఈజ్ రన్నింగ్ అవుట్' అంటే సీసా అయిపోవచ్చింది, మార్చాలి. కారిపోతోందని చెప్పాలంటే మాట వేరే ఉంది, 'ది సెలైన్ ఈజ్ లీకింగ్.' మొదటిదానికి పైకి సీసా వైపు చూడాలి. రెండోదానికి కిందికి చేతి వైపు చూడాలి. ఆ పిల్ల వంగి నేల చూసిందంటే అందుకే.

తోక మారితే తల మారుతుంది

రన్ తర్వాత వచ్చే చిన్న మాటే దాని తలరాత మార్చేస్తుంది. రెంటినీ విడదీసి అర్థం చెప్పుకోవద్దు. కలిపి ఒకే మాటగా పట్టుకోండి.

రన్ అవుట్ ఆఫ్: అయిపోవడం. 'ది బోట్ రాన్ అవుట్ ఆఫ్ డీజిల్.' పడవలో డీజిలు అయిపోయింది.

రన్ ఇంటూ: అనుకోకుండా ఎదురుపడటం. 'ఐ రాన్ ఇంటూ మై టీచర్ ఆన్ మెయిన్ రోడ్.' మెయిన్‌రోడ్డులో మా మాస్టారు తారసపడ్డారు. అంతేగానీ ఆయన్ను గుద్దేశానని కాదు. అయితే జాగ్రత్త! 'ది ఆటో రాన్ ఇంటూ ఎ పోల్' అంటే మాత్రం ఆటో స్తంభాన్ని గుద్దిందనే. మళ్లీ అదే ప్రశ్న, ఎవరు? దేన్ని?

రన్ ఓవర్: బండి కిందపడి తొక్కుకుపోవడం. 'ఎ లారీ రాన్ ఓవర్ ఎ డాగ్.' లారీ కుక్కను తొక్కేసింది.

రన్ త్రూ: ఒకసారి గబగబా చూసుకోవడం. 'లెట్స్ రన్ త్రూ ది లిస్ట్.' జాబితా ఓసారి చూసేద్దాం.

రన్ ఏగ్రౌండ్: ఇది మన తీరం వాళ్లకు. పడవ లోతు తక్కువచోట ఇసుకలో దిగబడిపోవడం. ఏటిమొగ, దుమ్ములపేట వాళ్లకు ఈ కష్టం కొత్తకాదు.

మనం చేసే తప్పులు

'నీ వయసెంత?' అంటే మనం 'ముప్ఫై ఐదు నడుస్తోంది' అంటాం. చక్కటి తెలుగు. దాన్నే ఇంటర్వ్యూలో 'థర్టీ ఫైవ్ రన్నింగ్' అంటే మాత్రం ఇక్కడివాళ్లకు అర్థమవుతుందేమోగానీ, ఊరు దాటితే నవ్వుతారు. నిండినవి చెప్పండి చాలు, 'ఐ యామ్ థర్టీ ఫోర్.'

'రన్నింగ్ బస్సు ఎక్కకు' అనడం మన అలవాటు. ఇంగ్లిష్‌లో అది 'మూవింగ్ బస్'. 'రన్నింగ్ బస్' అంటే ఇంజను బాగున్న బస్సు అనుకునే ప్రమాదం ఉంది.

ఇక రూపాలు. రన్, ర్యాన్, రన్. మొదటిదీ మూడోదీ ఒకటే. 'హ్యావ్', 'హ్యాజ్' వస్తే మూడోది రావాలి. 'ది వాటర్ హ్యాజ్ రన్ అవుట్' ఒప్పు. 'హ్యాజ్ ర్యాన్ అవుట్' తప్పు. పరీక్షల్లో మార్కులు పోయేది ఇక్కడే.

చీటీ నుంచి పుస్తకంలోకి

మేం ఆసుపత్రి నుంచి ఇంటికెళ్లే రోజున ఆ పిల్ల ఓ చిన్న నోటుబుక్కు చూపించింది. ఎడమవైపు ఇంగ్లిష్ మాట కాదు, మొత్తం వాక్యం. కుడివైపు మన ఇళ్లలో వాడే తెలుగు వాక్యం. 'ఒక్క మాట రాసుకోవడం మానేశానండీ' అంది. పెద్ద నర్సమ్మ మాటలు కూడా అందులో ఉన్నాయి, తిట్లు తప్ప!

మొన్నామధ్య అమ్మను పరీక్షలకు తీసుకెళితే వేరే ఆసుపత్రిలో కనిపించింది. ఇప్పుడు స్టాఫ్ నర్సు. కొత్తగా చేరిన ఓ ట్రైనింగు పిల్లకు పని చెబుతోంది. 'సెలైన్ ఈజ్ రన్నింగ్ అవుట్.' ఓ క్షణం ఆగింది. 'సీసా అయిపోవచ్చింది తల్లీ, కొత్తది పెట్టు.'

అమ్మ నా వైపు చూసింది. 'నేను ఆ రోజే చెప్పాను' అన్నట్టు.

మీరూ ప్రయత్నించండి

ఈ కింది వాక్యాల్లో రన్ ఏం చేస్తోందో మీ ఇంటి తెలుగులో చెప్పండి. 'పరుగు' అన్న మాట వాడకూడదు.

1. అవర్ గ్యాస్ సిలిండర్ ఈజ్ రన్నింగ్ అవుట్.
2. మై అంకుల్ రన్స్ ఎ మెడికల్ షాప్ ఇన్ జగన్నాథపురం.
3. ది బస్ ఈజ్ రన్నింగ్ ట్వంటీ మినిట్స్ లేట్.
4. బాల్డ్‌నెస్ రన్స్ ఇన్ అవర్ ఫ్యామిలీ.
5. డోంట్ లీవ్ ది మోటర్ రన్నింగ్.

జవాబులు: 1. గ్యాసు అయిపోవచ్చింది. 2. మా మావయ్య జగన్నాథపురంలో మందుల షాపు నడుపుతున్నాడు. (బాబాయి కూడా కావచ్చు. ఇంగ్లిష్ వాడికి అందరూ అంకులే!) 3. బస్సు ఇరవై నిమిషాలు లేటు. 4. బట్టతల మా వంశంలోనే ఉంది. 5. మోటారు కట్టకుండా వదిలేయకు.

ఐదుకు ఐదూ వస్తే సంతోషం. మూడొచ్చినా బెంగ వద్దు, నోటుబుక్కు తెరవండి. వచ్చే ఆదివారం 'టేక్' పని పడదాం. టీ తాగడం నుంచి సెలవు పెట్టడం దాకా అన్నీ దాని చేతిలోనే ఉన్నాయి మరి!